గుడిలో నిద్ర చేస్తే తగ్గే జబ్బులు

అలిపిరి నుంచి కొండమీదికి 3,550 మెట్లు. పాతికేళ్ల కుర్రాడు ఒకడు గాలిగోపురం దాటి, మోకాళ్ల పర్వతం ఎక్కి, దర్శనం చేసుకుని, చక్కెర పొంగలీ లడ్డూ కడుపు నిండా అన్నమూ తిని పడుకుంటాడు. తెల్లవారుజామున బాత్‌రూముకి లేద్దామంటే కాళ్లు కదలవు. చేతులు భుజం దగ్గర్నుంచి లేవవు. తెలివి ఉంటుంది, మాట స్పష్టంగా ఉంటుంది, గిల్లితే తెలుస్తుంది. ఏదో మొక్కు మరిచిపోయామని తల్లి పసుపు గుడ్డలో ముడుపు కడుతుంది. మధ్యాహ్నం తిరిగేసరికి కుర్రాడు లేచి, గోడ పట్టుకోకుండా నడుస్తాడు.

ఊరికి వెళ్లాక ఇది మహిమగా చెప్పుకుంటారు. చెప్పేవాళ్లు అబద్ధమేమీ ఆడరు, జరిగింది జరిగినట్టే చెబుతారు. ఆ చెప్పడంలో ఉన్న మెట్లూ తీపీ నిద్రా తెల్లవారుజామూ ఒక్కొక్కటీ ఒక జబ్బు లక్షణమే. దాని పేరు హైపోకలీమిక్ పీరియాడిక్ పెరాలిసిస్. అంటే రక్తంలో పొటాషియం పడిపోవడం వల్ల వచ్చిపోయే పక్షవాతం.

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ ఉండాలి. అన్నం, తీపి ఎక్కువగా తిన్నప్పుడు ఇన్సులిన్ బాగా ఊరుతుంది. ఇన్సులిన్ చక్కెరతో పాటు పొటాషియాన్ని కూడా రక్తంలోంచి కండరాల్లోకి తోస్తుంది. మామూలు మనిషిలో ఈ తేడా లెక్కలోకి రానంత కొంచెం. ఈ జబ్బున్నవాళ్లలో పొటాషియం 3 కంటే కిందికి, ఒక్కోసారి 2 కంటే కిందికి జారుతుంది. కండరానికి విద్యుత్ సంకేతం అందినా అది స్పందించదు. బాగా శ్రమపడి, ఆపైన విశ్రాంతి తీసుకున్నప్పుడు ఈ జారుడు మరీ ఎక్కువ. అందుకే మెట్లు ఎక్కుతున్నప్పుడు ఏమీ కాదు, ఎక్కి, తిని, పడుకున్నాక అవుతుంది. కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో, పొటాషియం తిరిగి రక్తంలోకి వస్తుంది, కాళ్లూ తిరిగి వస్తాయి. ముడుపు కట్టినా కట్టకపోయినా వస్తాయి.

మరి తనంతట తగ్గేదానికి కంగారెందుకంటే, పొటాషియం పడిపోయిన ఆ గంటల్లో కండరాలతో పాటు గుండె లయ కూడా తప్పవచ్చు. కాళ్లు పడిపోవడాన్నే అందరూ చూస్తారు, ప్రాణం తీసేది గుండె. ఇలా పడిపోయిన మనిషికి మొదట కావలసింది ఈసీజీ, రక్తంలో పొటాషియం పరీక్ష.

మన పల్లెల్లో ఇక్కడొక తప్పు తరచూ జరుగుతుంది. మనిషి నీరసంగా పడి ఉన్నాడు కదా అని ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. గ్లూకోజ్ ఇన్సులిన్‌ని పెంచుతుంది, ఇన్సులిన్ మిగిలిన పొటాషియాన్ని కూడా కండరాల్లోకి తోసేస్తుంది. చెయ్యి కాస్త లేపగలిగినవాడు అదీ లేపలేకపోతాడు. ఇలాంటి స్థితిలో పొటాషియం సిరప్ నోటి ద్వారా ఇవ్వడం మేలు. నరానికి ఎక్కించక తప్పకపోతే గ్లూకోజ్ లేని సెలైన్‌లో కలిపి, ఈసీజీ చూస్తూ మెల్లగా ఎక్కిస్తారు. అందులోనూ తొందర పనికిరాదు. పొటాషియం ఒంట్లోంచి పోలేదు, కండరంలో దాక్కుంది. బయట నుంచి ఎక్కువగా పోస్తే, లోపలిది తిరిగి వచ్చినప్పుడు రెండూ కలిసి ప్రమాదకరమైన స్థాయికి చేరతాయి.

గుళ్లో ఇచ్చిన కొబ్బరి నీళ్లు తాగితే కాళ్లు వచ్చాయనే మాట కూడా వింటుంటాం. ఒక గ్లాసు కొబ్బరి నీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, కాబట్టి ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. అలాగని కాళ్లు పడిపోయిన ప్రతివాళ్లకీ బోండం కొట్టివ్వకూడదు. ఇదే రకం జబ్బుల్లో దీనికి సరిగ్గా తిరగబడ్డది ఇంకొకటి ఉంది. అందులో పొటాషియం పెరిగితే కాళ్లు పడిపోతాయి. ఎక్కువగా చిన్నపిల్లల్లో మొదలవుతుంది, ఉపవాసం ఉన్నా, అరటిపండు తిన్నా, కొబ్బరి నీళ్లు తాగినా వస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి కూడా కొబ్బరి నీళ్లు ప్రమాదమే.

ఇక అసలు చిక్కు. నడవగలిగాక ఆసుపత్రికి వెళ్తే పొటాషియం మామూలుగానే ఉంటుంది. ‘ఏమీ లేదు’ అని పంపేస్తారు. దాంతో మహిమకి ల్యాబ్ రిపోర్టు కూడా సాక్ష్యం చెప్పినట్టవుతుంది. అందుకే రక్తం తీయాల్సింది కాళ్లు కదలని గంటలోనే. ఆ గంట దాటిపోతే డాక్టరుకి మూడు సంగతులు చెప్పాలి: ముందు రోజు ఏం తిన్నారు, ఎంత శ్రమ చేశారు, ఇదివరకు ఎన్నిసార్లు ఇలా అయింది. వీటిని బట్టి వెతకాల్సిన చోటు తెలుస్తుంది. ఇరవై నలభై ఏళ్ల మధ్య మగవాడైతే థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. మన ఆసియా మగవాళ్లలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల ఈ పక్షవాతం రావడం మిగతావాళ్లలో కన్నా ఎక్కువ, థైరాయిడ్‌కి వైద్యం చేస్తే పక్షవాతం మళ్లీ రాదు. యుక్తవయసులో మొదలై తండ్రికో మేనత్తకో కూడా ఉంటే అది వంశపారంపర్యం. ఆడవాళ్లలో కళ్లు, నోరు ఎండిపోవడం కూడా ఉంటే, కిడ్నీ ఆమ్లాన్ని బయటికి పంపలేక పొటాషియాన్ని వదిలేస్తోందేమో చూడాలి. మూడింటికీ వైద్యం వేరు. ఒకరికి వాడే ఎసెటాజోలమైడ్ మాత్ర ఇంకొకరిలో జబ్బుని ముదరబెడుతుంది, కాబట్టి పక్కింటాయన చీటీ చూసి మందు కొనకూడదు.

రాత్రి నిద్ర, పొద్దున నడక

జబ్బు చేసిన పిల్లని గుడి ప్రాంగణంలో నిద్ర చేయించడం మన వైపు పాత అలవాటే. మూడు రాత్రులో, ఐదు శనివారాలో మొక్కుకుంటారు. పొద్దున లేవగానే పిల్ల నడక తిన్నగా ఉంటే మొక్కు ఫలించినట్టే. నిద్రతో నిజంగానే తగ్గే జబ్బులు ఉన్నాయి, అవేమంత చిన్నవీ కావు.

మొదటిది డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా. దీన్ని మొదట వివరించిన జపాన్ వైద్యుడి పేరు మీద సెగావా జబ్బు అని కూడా అంటారు. ఆరేళ్ల వయసు దగ్గర, ఎక్కువగా ఆడపిల్లల్లో మొదలవుతుంది. ఒక పాదం లోపలికి తిరుగుతుంది, పిల్ల మునివేళ్ల మీద నడుస్తుంది. పొద్దున బడికి పరిగెత్తిన పిల్ల సాయంత్రానికి కాలు ఈడుస్తుంది, రాత్రి పడిపోతూ ఉంటుంది. తెల్లారేసరికి మళ్లీ బాగుంటుంది. మెదడులో కదలికల్ని నడిపే డోపమీన్ అనే రసాయనం తయారయ్యే దారిలో ఒక ఎంజైమ్ సరిపడా లేకపోవడం దీనికి కారణం. ఉన్న కాస్త డోపమీన్ పగలంతా ఖర్చై, నిద్రలో మళ్లీ పోగవుతుంది. ఏ పక్క మీద పడుకున్నా పోగవుతుంది.

వీళ్లలో చాలామందిని సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని వచ్చే కదలికల లోపం) అనుకుని ఏళ్ల తరబడి ఫిజియోథెరపీకీ, బూట్లకీ తిప్పుతారు. సెరిబ్రల్ పాల్సీ పొద్దుటికీ సాయంత్రానికీ ఇంతలా మారదు. తల్లిదండ్రులు చేయాల్సిన పని చాలా చిన్నది. పిల్ల నిద్ర లేచిన పది నిమిషాల్లో నడకని ఫోన్‌లో వీడియో తీయాలి, అదే రోజు సాయంత్రం ఆరింటికి అదే చోట ఇంకోటి తీయాలి. రెండింటినీ పిల్లల నరాల వైద్యుడికి చూపిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం లీవోడోపా మాత్ర. చాలా తక్కువ మోతాదులో మొదలుపెడితే కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లో పిల్ల నడక మారిపోతుంది. మందు ఆపితే జబ్బు తిరిగి వస్తుంది, వేసుకుంటూ ఉంటే పెళ్లీ పిల్లలూ ఉద్యోగమూ అన్నీ మామూలే. ఈ వ్యాసంలో మహిమ అనే మాట దేనికైనా చెల్లుతుందంటే ఈ మాత్రకి చెల్లుతుంది.

రెండోది మయస్థీనియా గ్రావిస్. కనురెప్ప వాలిపోతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట సాయంత్రానికి ముద్దగా వస్తుంది, అన్నం నమలగా నమలగా దవడ అలసిపోతుంది. నిద్ర లేవగానే అన్నీ తేలిక. ఇందులో ఇంకో విశేషం ఉంది: చల్లదనం తగిలితే రెప్ప పైకి లేస్తుంది. డాక్టర్లు చేసే ఐస్ పరీక్ష ఇదే. గుడ్డలో చుట్టిన ఐసుముక్కని మూసిన కన్ను మీద రెండు నిమిషాలు ఉంచి తీస్తారు. రెప్ప కనీసం 2 మిల్లీమీటర్లు లేస్తే మయస్థీనియా అనుమానం బలపడుతుంది. కండరం దగ్గర సంకేతాన్ని మోసే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ చలిలో మందగిస్తుంది, అందుకే రెప్ప లేస్తుంది. కాబట్టి చల్లటి తీర్థం కంటి మీద చల్లితే కన్ను తెరుచుకుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవద్దు, ఆ మనిషిని నరాల వైద్యుడి దగ్గరికి పంపండి. మింగడం కష్టమై, పడుకుంటే ఊపిరి ఆడనప్పుడు మాత్రం ఇది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఈ రకం జబ్బులన్నిటికీ ఒకటే తీరు. వస్తాయి, ఎవరు ఏం చేసినా చేయకపోయినా కొంతకాలానికి తగ్గుతాయి. తగ్గడానికి ముందు ఆఖరున ఏది చేశామో దానికి పేరు వస్తుంది. జబ్బు బాగా ముదిరినప్పుడే మనం గుడికో, తాయెత్తుకో, పసరు మందుకో వెళ్తాం. ముదిరాక మిగిలేది తగ్గడమే. మూతి వంకర పోయిందని మంత్రం వేయించేవాళ్లు ఉంటారు. ముఖ నరం వాచి వచ్చే ఈ బెల్స్ పాల్సీలో ఏ వైద్యం లేకుండా కూడా పదిమందిలో ఏడుగురికి పూర్తిగా తగ్గుతుంది. మిగతా ముగ్గురిలో తాను ఉండకూడదనుకుంటే మొదటి మూడు రోజుల్లో స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాలి. మూతపడని కంటికి రాత్రి మందు వేసి ప్లాస్టర్ అంటించాలి. మంత్రానికి వారం పోతే ఆ మూడు రోజులు తిరిగి రావు. పిల్లల ఒంటి మీది పులిపిర్లు రెండేళ్లలో చాలావరకు రాలిపోతాయి. పసిబిడ్డ ముఖం మీద ఎర్రగా పెరిగే రక్తనాళాల గడ్డ మొదటి ఏడాది పెరిగి, తర్వాత మెల్లగా కుంగిపోతుంది. ఏడాదిన్నరలోపు పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే కేన్సర్‌లో ఒక ప్రత్యేక దశ ఉంది. కాలేయానికి, చర్మానికి పాకి కూడా అది తనంతట కరిగిపోవచ్చు. అయితే అది ఏ దశో తేల్చేది బయాప్సీ, స్కాన్లే. అదే కేన్సర్ పెద్దపిల్లలో అస్సలు జాలి చూపదు.

పాడె మీద కదిలిన మనిషి

చచ్చిపోయాడనుకున్న మనిషి లేచాడనే వార్త ఏడాదికోసారైనా ఎక్కడో వస్తుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో దీని వెనక మొదట అనుమానించాల్సింది కట్లపాముని.

కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. కోర సన్నం, గాటు కనపడదు, వాపు ఉండదు, చాలామందికి కాటు తెలియను కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి వస్తాయి. గ్యాస్ అనుకుని మాత్ర వేస్తారు. తర్వాత రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, ఉమ్మి మింగలేరు, చివరికి ఊపిరితిత్తుల్ని నడిపే కండరాలు ఆగిపోతాయి. ఈ విషం నరం నుంచి కండరానికి సంకేతం వెళ్లే చోట పనిచేస్తుంది, మెదడుని తాకదు. కనుపాప వెలుతురుకి చలించదు, గిల్లినా కదలడు, పిలిచినా పలకడు. చూసేవాళ్లకి శవమే. లోపల మనిషి అన్నీ వింటూ ఉండవచ్చు. బ్రెయిన్ డెడ్ అనిపించిన ఇలాంటివాళ్లు వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఉండి లేచి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో పలుమార్లు నమోదయ్యాయి.

వెంటిలేటర్ లేని చోట లేచి వచ్చినవాళ్ల సంగతి వేరు. ఊపిరి పూర్తిగా ఆగిన మనిషి మంత్రానికి లేవడు, నిమిషాల్లో పోతాడు. మంత్రంతో లేచారని చెప్పేవాళ్లలో ఎక్కువమందిని కరిచింది విషం లేని పాము. కొందరిని విషసర్పమే కరిచినా విషం వదల్లేదు. మంత్రగాడి లెక్కలో వీళ్లంతా గెలుపులే. ఓడిన లెక్క శ్మశానంలో ఉంటుంది, ఎవరూ రాయరు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు ఏడాదికి సగటున 58,000 మంది అని పరిశోధకులు అంచనా కట్టారు. ఆంధ్రప్రదేశ్ ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఒకటి.

నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి రెప్పలు వాలుతుంటే, గాటు కనపడకపోయినా పాముకాటు అనే అనుకోవాలి. తాడు బిగించకూడదు, కోయకూడదు, పసరు పోయకూడదు. ఉమ్మి గొంతులోకి పోకుండా ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి చేయాలి. దారిలో ఊపిరి మందగిస్తే అంబులెన్సులోని అంబు సంచితో గాలి కొడుతూనే ఉండాలి, ఆసుపత్రి చేరేదాకా ఆపకూడదు. ఆసుపత్రిలో విషానికి విరుగుడు మందు మొదట 10 వయల్స్ ఇస్తారు. పెద్దలకీ పిల్లలకీ మోతాదు ఒకటే, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం వదలదు. నాగుపాము అయితే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్‌తో రెప్పలు లేవవచ్చు. కట్లపాము విషం నరం కొసనే దెబ్బతీస్తుంది కాబట్టి విరుగుడు ఇచ్చినా కండరం వెంటనే తిరిగి రాదు, రోజుల తరబడి వెంటిలేటర్ కావాలి. ‘మందు ఇచ్చినా లేవలేదు, ఇక ఇంటికి తీసుకుపోదాం’ అని బంధువులు తొందరపడేది సరిగ్గా ఇక్కడే.

పురుగుల మందు తాగినవాళ్లు కూడా ఇలాగే కనిపించవచ్చు. వాళ్లకి ఇచ్చే అట్రోపిన్ కనుపాపని పెద్దది చేస్తుంది, అది చూసి ప్రాణం పోయిందని పొరబడే వీలుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెడ్ అని తేల్చడానికి నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. అంతకు ముందు విషం, మత్తుమందు, ఒళ్లు చల్లబడటం లాంటివి లేవని నిర్ధారించుకోవాలి. గుండె ఆగి, ఛాతీ నొక్కడం ఆపేశాక తనంతట తిరిగి కొట్టుకోవడం అనే చాలా అరుదైన పరిస్థితి కూడా ఉంది. 1982లో మొదట వైద్య పత్రికకెక్కింది. ఎక్కువగా మొదటి పది నిమిషాల్లోనే జరుగుతుంది కాబట్టి, ఛాతీ నొక్కడం ఆపాక కనీసం పది నిమిషాలు మానిటర్ చూసి గాని మరణం ప్రకటించకూడదు.

నిప్పు కాలని పాదం

పుత్తూరు, నారాయణవనం, శ్రీకాళహస్తి వైపు ధర్మరాజుల గుళ్లలో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. అర్జునుడి తపస్సు మాను, దుర్యోధన వధ, ఆఖరున అగ్నిగుండం. కంకణం కట్టుకున్నవాళ్లు నిప్పుల మీద నడుస్తారు. ఇది అరుదైన జబ్బేమీ కాదు. బూడిద పట్టిన కట్టెబొగ్గు వేడిగా ఉన్నా ఆ వేడిని చర్మానికి మెల్లగా ఇస్తుంది. పాదం ఒక్కో అడుగులో నిప్పు మీద ఉండేది సెకనులో కొంత భాగమే. ఆగినవాడికీ, పడినవాడికీ కాలుతుంది.

నొప్పే తెలియని మనిషి సంగతి వేరే. 2006లో పాకిస్తాన్ ఉత్తర ప్రాంతంలోని కొన్ని కుటుంబాల్లో పరిశోధకులు ఎస్సీఎన్9ఏ అనే జన్యువులో లోపం కనుక్కున్నారు. దాని వల్ల నొప్పి సంకేతం నరంలో మొదలే కాదు. వాళ్ల ఆరా మొదలైంది వీధుల్లో చేతిలోకి కత్తి గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి డబ్బులు సంపాదించే ఒక పిల్లవాడితో. పద్నాలుగో ఏడు రాకముందే ఆ పిల్లవాడు ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. నొప్పి తెలియని పిల్లల్ని ఇంట్లో గుర్తుపట్టేది పళ్లు వచ్చే వయసులో. నాలుక కొస, పెదవి, వేళ్ల చివర్లు కొరికేసుకుంటారు, ఏడవరు. కాలు విరిగినా నడుస్తారు. ఇంకో రకంలో చెమట కూడా పట్టదు. ఎండాకాలంలో కారణం లేకుండా విపరీతమైన జ్వరం వస్తుంది, ఒళ్లు తడిగుడ్డతో తుడిస్తే దిగుతుంది. ఇవి తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాల్సిన లోపాలు కాబట్టి, మేనరికాలున్న కుటుంబాల్లో వచ్చే అవకాశం ఎక్కువ. మందు లేదు. కాపలాయే వైద్యం: రోజూ రాత్రి పిల్లవాడి పాదాలు, నోరు, కళ్లు వెతికి చూడాలి.

అగ్నిగుండం దగ్గర నిజంగా భయపడాల్సింది షుగర్ ఉన్నవాళ్ల గురించి. పదేళ్ల షుగర్‌తో పాదాల్లో స్పర్శ పోయినవాళ్లు ‘నాకేమీ కాలలేదు’ అంటారు. మూడో రోజు బొబ్బ, పదో రోజు పుండు, తర్వాత వేలు తీసేయడం. కంకణం కట్టుకునే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మనిషి కళ్లు మూసుకోవాలి. ఇంకొకరు రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి, నొక్కకూడదు, గీకకూడదు. ఆరింట్లో రెండు లేదా అంతకంటే ఎక్కువ తెలియకపోతే స్పర్శ పోయినట్టే. అలాంటివాళ్లు నిప్పుల మీద నడవకూడదు.

పూనకమా, ఫిట్సా, మెదడు వాపా

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పంబల మోత మధ్య పూనకం వచ్చినవాళ్లని చూసి డాక్టర్లు మందు రాయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కూడా, ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో భాగంగా వచ్చే పూనకాన్ని జబ్బుగా లెక్కించదు. పూనకం నలుగురి ముందు, మోత మధ్య వస్తుంది, హారతిస్తే తగ్గుతుంది. ఫిట్స్‌కి జనం అక్కర్లేదు, నిద్రలో కూడా వస్తుంది. ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి, ఒకటి రెండు నిమిషాల్లో ఆగుతుంది, నాలుక పక్కన కొరుక్కుంటారు. నిద్రలో వచ్చే ‘పూనకం’ పూనకం కాదు.

వీటికంటే అరుదైనది, తప్పిపోతే కోలుకోలేనిది ఇంకొకటి ఉంది. పద్దెనిమిదేళ్ల అమ్మాయికి నాలుగు రోజులు జ్వరం, తలనొప్పి. తర్వాత నిద్ర పోదు, పొంతన లేని మాటలు, ఎవరో పిలుస్తున్నారంటుంది. గాలి సోకిందని తిప్పుతారు. రెండో వారానికి మాట తగ్గిపోతుంది, ఏదో నములుతున్నట్టు నోరు ఆడుతూనే ఉంటుంది, ఫిట్స్ వస్తాయి, ఒళ్లు బిగుసుకుంటుంది. ఇది యాంటీ ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్. ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద పడే జబ్బు. 2007లో డాల్మావ్ బృందం దీన్ని గుర్తించేదాకా దీనికి పేరే లేదు. కొందరు అమ్మాయిల్లో అండాశయంలో ఉన్న గడ్డ దీన్ని రేపుతుంది, ఆ గడ్డ తీసేస్తే మెదడు కుదుటపడటం మొదలవుతుంది. వెన్ను నీటిలో యాంటీబాడీ పరీక్ష, పొట్ట స్కాన్ చేయించి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ లేదా ప్లాస్మా మార్పిడి త్వరగా మొదలుపెట్టాలి. వైద్యం అందినవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమంది రెండేళ్లలో బాగా కోలుకుంటారు. ఇదివరకు ఏ మానసిక జబ్బూ లేని మనిషి రెండు మూడు వారాల్లో ఇలా మారిపోతే భూతవైద్యుడూ వద్దు, నేరుగా మానసిక ఆసుపత్రీ వద్దు, ముందు నరాల వైద్యుడు. తిరుపతి స్విమ్స్‌లోనూ, చిత్తూరు వైపు వాళ్లకి దగ్గర్లోని వేలూరు సీఎంసీలోనూ ఆ విభాగాలున్నాయి.

ఒంటి మీది గుర్తులు

నడుము కింద తోకలా మాంసపు కండతో పుట్టిన బిడ్డని ఆంజనేయుడి అంశ అంటారు. దండం పెట్టుకోవడంలో ఇబ్బంది లేదు, స్కాన్ చేయించకపోవడంలో ఉంది. తోక, నడుము మీద జుట్టు కుచ్చు, మలద్వారానికి రెండున్నర సెంటీమీటర్ల కంటే పైన లోతైన సొట్ట – ఇవి లోపల వెన్నెముక సరిగా మూసుకోలేదని చెప్పే గుర్తులు కావచ్చు. వెన్నుపాము కింది కొస అక్కడ అతుక్కుని ఉంటే, బిడ్డ ఎదిగే కొద్దీ పొట్టి పలుపు కట్టిన దూడలా అది లాక్కుపోతుంది. నాలుగేళ్లకి మూత్రం చుక్కలు చుక్కలుగా కారడం, ఒక కాలు సన్నబడటం మొదలవుతాయి. అప్పుడు ఆపరేషన్ చేసినా పోయినదంతా తిరిగి రాదు. మూడు నెలల లోపైతే అల్ట్రాసౌండ్ చాలు, తర్వాత ఎముక గట్టిపడుతుంది కాబట్టి ఎంఆర్‌ఐ కావాలి. స్కాన్ లేకుండా తోకని దారంతో కట్టేయడం, చిన్న క్లినిక్‌లో కోసేయడం అన్నిటికంటే ప్రమాదం, లోపలి పొర తెగి మెదడు పొరల దాకా చీము పాకవచ్చు.

పుట్టిన వారంలో ఆడబిడ్డకి రక్తపు చుక్క కనిపించడం, మగబిడ్డకైనా ఆడబిడ్డకైనా రొమ్ములో పాలు రావడం తల్లి హార్మోన్ల ప్రభావం. రెండూ వాటంతటవే పోతాయి. పాలు పిండకండి, గడ్డ కడుతుంది. నాలుగేళ్ల పిల్లకి నెలనెలా రక్తస్రావం అవుతుంటే మాత్రం అది అమ్మవారి అంశ కాదు, మెదడు ఎంఆర్‌ఐ తీయించాల్సిన విషయం.

కంట్లోంచి రక్తం, రాళ్లు, పత్తి వస్తున్నాయని టీవీలు తరచూ చూపిస్తాయి. నారింజ రంగు కన్నీళ్లకి మామూలు కారణం టీబీకి వాడే రిఫాంపిసిన్, కంగారు అక్కర్లేదు. నిజంగా రక్తమైతే కన్నీటి తిత్తిలో గడ్డ, ముక్కులోంచి పైకి ఎక్కిన రక్తం, రెప్ప కింది గాయం వెతకాలి. చర్మం మీదే రక్తం చెమటలా పట్టే హెమటిడ్రోసిస్ కూడా ఉంది, ప్రొప్రనొలాల్‌తో చాలామందిలో తగ్గుతుంది. ముందు ఆ చుక్కని గాజు పలక మీద తీసుకుని మైక్రోస్కోపులో ఎర్రకణాలు ఉన్నాయో లేదో చూడాలి. పసుపూ సున్నమూ కలిపిన పారాణిలో ఎర్రకణాలు ఉండవు. రాళ్లయితే కంటికి ప్లాస్టర్ వేసి, అంచుల మీద సంతకం పెట్టి, ఒక రోజు ఉంచుతారు. ఆ రోజు రాయి రాకపోతే పిల్లని దొంగ అనకూడదు. బడిలోనో ఇంట్లోనో చెప్పుకోలేనిది ఏదో ఉండి ఆ దారి పట్టి ఉంటుంది, కాబట్టి పెద్దలు లేని గదిలో మెల్లగా అడగాలి.

ఇక జడలు కట్టిన జుట్టు. దీన్ని దేవత గుర్తు అంటారు, కత్తిరిస్తే రక్తం వస్తుందనీ చూపు పోతుందనీ భయపడతారు. దువ్వకపోవడం, పేలు, తల పుండ్ల చీము, జుట్టు పొలుసులు ఒకదానికొకటి పెనవేసుకోవడంతో ఇది మొదలవుతుంది. కొన్నిసార్లు గాఢమైన మానసిక కుంగుబాటు కూడా వెనక ఉంటుంది. మొదటి వారాల్లోనైతే కొబ్బరి నూనె పట్టించి, చివరల నుంచి పైకి విడదీస్తూ వెళ్తే చిక్కు వీడుతుంది. గట్టిపడ్డాక కత్తిరించడమే. కత్తిరిస్తే రక్తం రాదు, చూపు పోదు. మెడనొప్పి తగ్గుతుంది, కింద దాక్కున్న పుండ్లకి మందు వేయవచ్చు.

ఆ జడలు ఆడపిల్ల తల మీద కనిపించినప్పుడు మన జిల్లాల్లో విషయం జుట్టుతో ఆగకపోవచ్చు. పసితనంలో జబ్బు చేస్తే, బతికితే గ్రామదేవత మాతమ్మకి వదిలేస్తామని మొక్కుకుని, తగ్గాక గుళ్లో తాళి కట్టించే ఆచారం చిత్తూరు పల్లెల్లో ఉంది. ఆ పిల్లకి తగ్గింది చాలాసార్లు తనంతట తగ్గే జ్వరమే. మొక్కు తీర్చడం మాత్రం ఆ పిల్ల జీవితాంతం చేయాల్సి వస్తుంది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దేవదాసీల నిషేధ చట్టం కింద ఇది నేరం, చేయించిన తల్లిదండ్రులకి కూడా జైలు శిక్ష ఉంటుంది. పిల్లల కోసం పనిచేసే 1098 నంబరుకి పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు.